రోడ్డు మీద పడవ: ఔట్‌బోర్డ్ మోటారుకు ఆధారం

ఔట్‌బోర్డ్ మోటారు అంటే పడవ కడుపులో కాకుండా అమరానికి, అంటే వెనక భాగానికి, బయటి వైపున బిగించే ఇంజను. తల పైన ఉంటుంది. నీళ్లలోకి దిగే పొడవాటి కాలు కింద ఉంటుంది. కాలి చివర గేర్‌బాక్సు, ప్రొపెల్లరు, వాటి అడుగున స్కెగ్ అనే చిన్న రెక్క ఉంటాయి. ఇదంతా కలిసి ట్రాన్సమ్ అనే వెనక పలకకు వేలాడుతుంది. మన తీరంలో దీన్ని ఓబీఎం అని పిలవడం మామూలే. నీళ్ల మీద ఉన్నంతసేపు ఈ అమరికకు ఇబ్బంది లేదు. పలకను ఆ పనికే కట్టారు. ప్రొపెల్లరు తోపు పలకను ముందుకు నొక్కుతుంది, పడవ సాగుతుంది. పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కించి కారు వెనక రోడ్డు మీదికి తెచ్చాకే చిక్కు మొదలవుతుంది. కాలు నేలకు తగలకుండా మోటారును పైకి ఎత్తాలి. ఎత్తిన మోటారు ప్రతి గుంత దగ్గరా ఊగుతుంది. ఆ ఊపు పలక మీదా, బోల్టుల మీదా, ఎత్తి పట్టుకున్న హైడ్రాలిక్ సిలిండరు మీదా పడుతుంది.

ఈ ఊపును ఆపడానికి మార్కెట్లో రకరకాల కడ్డీలు, దిమ్మలు, పట్టీలు దొరుకుతాయి. వాటిలో ఏది మేలన్న వాదనలోనే చాలామంది ఆగిపోతారు. దానికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మోటారు, పడవ, ట్రెయిలర్ మూడూ ఒకే వస్తువులా కదులుతున్నాయా లేదా. అవి విడివిడిగా కదులుతుంటే ఎంత ఖరీదైన కడ్డీ తగిలించినా ఒక చోట ఆపిన దెబ్బ మరో చోట తగులుతుంది.

బరువు పెరిగిన తీరు

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది. బరువు 28 కిలోలు. ఒక మనిషి భుజాన వేసుకుని తీసుకెళ్లి, పడవకు బిగించి, పని అయ్యాక విప్పి ఇంటికి తెచ్చుకునే వస్తువు అది. రోడ్డు మీద దానికి ఆధారం ఎలా ఇవ్వాలన్న ప్రశ్నే పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇంటింటికీ కారు వచ్చింది, కారు వెనక ట్రెయిలర్ వచ్చింది, ఊరి చివర జలాశయం వచ్చింది. పడవ ఇంటి ముందర ఉంటుంది, ఆదివారం నాడు చెరువుకు వెళుతుంది. 1958లో జాన్సన్, ఎవిన్‌రూడ్ పేర్లతో 50 హార్స్‌పవర్ వీ-4 మోటార్లు వచ్చాయి. 1962లో మెర్క్యురీ 100 హార్స్‌పవర్ మోటారును తెచ్చింది. అప్పటికే మోటారును విప్పి పక్కన పెట్టుకోవడం అయ్యే పని కాదు. పడవతో పాటే, పడవకు వేలాడుతూనే ప్రయాణం చేయాల్సి వచ్చింది.

మరో మలుపు కాలుష్య నిబంధనల వల్ల వచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో చేసిన నియమాలతో పాత టూస్ట్రోక్ మోటార్లు క్రమంగా తగ్గిపోయి ఫోర్‌స్ట్రోక్ మోటార్లు నిలదొక్కుకున్నాయి. వీటికి వాల్వులు, క్యామ్‌షాఫ్టు, ఆయిల్ నిలవ ఉంచే అర అదనం కాబట్టి అదే శక్తికి బరువు ఎక్కువ. నేటి ఫోర్‌స్ట్రోక్ మోటార్లలో 9.9 హార్స్‌పవర్‌ది సుమారు 40 కిలోలు, 115ది 160 నుంచి 190 కిలోలు, 150ది 205 నుంచి 235 కిలోల దాకా తూగుతుంది. మెర్క్యురీ 2021లో తెచ్చిన 600 హార్స్‌పవర్ వీ-12 మోటారు ఒక్కటే 570 కిలోల పైమాట. పాత టూస్ట్రోక్ మోటారు కోసం కట్టిన పడవకు కొత్త ఫోర్‌స్ట్రోక్ బిగించుకున్నవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది. పడవకు అతికించిన రేకు మీద ఎంత హార్స్‌పవర్ దాకా బిగించవచ్చో ఉంటుంది. అయితే పలక వయసు ఆ రేకు మీద రాసి ఉండదు.

కుదుపు చేసే పని

మోటారును పైకి ఎత్తగానే బరువంతా వెనక్కి పోతుందని, అందుకే పలక విరుగుతుందని సాధారణంగా చెబుతారు. అది సగమే నిజం. మోటారు తిరిగే ఇరుసు పలక పై అంచు దగ్గర ఉంటుంది. కాలు వెనక్కి, పైకి లేస్తుంటే తల ముందుకు వంగుతుంది. బరువులో పెద్ద వాటా తలలోనే ఉంటుంది కాబట్టి మొత్తం గరిమనాభి ఎటు జరుగుతుందన్నది మోటారు కట్టుబడిని బట్టి మారుతుంది. కదలకుండా నిలబెట్టిన పడవలో మోటారును ఎత్తి ఉంచినంత మాత్రాన పలక దెబ్బతినకపోవడానికి ఇదే కారణం.

దెబ్బ కుదుపులో ఉంది. పడవ ట్రెయిలర్లకు ఎక్కువగా ఆకు స్ప్రింగులో, రబ్బరు కూర్చిన ఇరుసులో ఉంటాయి. కార్లకు ఉండే షాక్ అబ్జార్బర్లు చాలావాటికి ఉండవు. గుంతలో పడి లేచినప్పుడు గురుత్వానికి మరో అంత త్వరణం తోడైందనుకుంటే 200 కిలోల మోటారు ఆ క్షణంలో 400 కిలోల బరువులా పనిచేస్తుంది. ఆ వెంటనే ట్రెయిలర్ కిందికి దిగుతుంది, మోటారు తేలికైపోతుంది. కాలు చివర ఉన్న గేర్‌బాక్సు ఇరుసుకు దూరంగా ఉంటుంది కాబట్టి అది చిన్నదైనా దాని ఊపు పెద్దది. నిండు బిందెను చంకన పెట్టుకుని నడవడానికీ, చెయ్యి చాచి పట్టుకుని నడవడానికీ ఉన్నంత తేడా ఇది.

మోటారు కిందికి దించి ఉన్నప్పుడు కాలు పలకకు దగ్గరగా నిలువుగా ఉంటుంది. బ్రాకెట్ అడుగున లోహానికి లోహం ఆనుతుంది. ఎత్తినప్పుడు ఆ ఆనిక పోతుంది. అప్పుడు మోటారును పట్టుకునేది దాన్ని ఎత్తే టిల్ట్ సిలిండరులోని నూనె ఒక్కటే. కాలు కిందికి ఊగితే సిలిండరు పలక అడుగు భాగాన్ని నొక్కుతుంది, పై బోల్టులు లాగబడతాయి. కాలు పైకి ఎగిరితే అంతా తిరగబడుతుంది. వంద కిలోమీటర్ల దారిలో ఈ నొక్కుడు లాగుడు వేలసార్లు జరుగుతుంది. లోహం గానీ ఫైబర్ గానీ ఒక్క దెబ్బకు విరగడం అరుదు. ఇలాంటి అలసటతో సన్నని బీటలు పుట్టి, పెరిగి, ఒకనాడు తెగుతుంది.

పలక నుంచి మోటారు ఎంత దూరంగా ఉంటే ఈ బాధ అంత ఎక్కువ. వేగం కోసం జాక్ ప్లేట్ పెట్టి మోటారును 4 నుంచి 12 అంగుళాల దాకా వెనక్కి జరిపిన పడవల్లో రోడ్డు మీద ఆధారం ఇంకా అవసరం.

నిలువుగా ఉంచగలిగితే

మోటారు తయారీదార్లు తమ పుస్తకాల్లో చెప్పేది మొదట ఇదే: రోడ్డు మీద మోటారును మామూలుగా నడిపే స్థితిలో, నిలువుగా దించి ఉంచండి. నేలకూ స్కెగ్‌కూ మధ్య తగినంత ఎడం ఉంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. కడ్డీ అక్కర్లేదు, దిమ్మ అక్కర్లేదు. ఎత్తయిన ట్రెయిలర్ల మీద ఉండే పెద్ద పడవలకు ఇది తరచుగా సాధ్యమే.

ఆ ఎడం ఎంత ఉందో కొలిచేటప్పుడు చదునైన గచ్చు మీద కొలిచి సరిపెట్టుకోకూడదు. పెట్రోలు బంకులోకి ఎక్కే వాలు దగ్గర, రైలు గేటు దగ్గర, పడవ దించే రేవు వాలు మొదట్లో ట్రెయిలర్ వెనక భాగం నేలకు బాగా దగ్గరవుతుంది. చక్రాల ఇరుసు నుంచి మోటారు ఎంత వెనకగా ఉంటే అంత ఎక్కువగా దిగుతుంది. కారు వెనక సీట్లో నలుగురు కూర్చుని, డిక్కీ నిండితే ట్రెయిలర్‌ను తగిలించే కొక్కెం వైపు దిగుతుంది, అప్పుడు వెనక కొంచెం లేస్తుంది. సామానుతో, మనుషులతో బయల్దేరే రోజున ఉండే స్థితిలోనే కొలవాలి. స్కెగ్ ఒక్కసారి తారును గీరితే దాని కొస అరుగుతుంది. వేగంలో తగిలితే గేర్‌బాక్సు పెంకే పగలవచ్చు.

ఎడం చాలనప్పుడు మోటారును అవసరమైనంత వరకే ఎత్తాలి. చివరిదాకా ఎత్తేయడం చూడ్డానికి భద్రంగా అనిపిస్తుంది గానీ, అలా ఎత్తిన కాలు వెనక వచ్చే వాహనం అద్దం ఎత్తుకు చేరుతుంది. యూరప్‌లో ప్రొపెల్లరుకు కొట్టొచ్చే రంగు సంచి తొడగడం ఆనవాయితీ. మోటారు ట్రెయిలర్ వెనక దీపాలను, నంబరు పలకను కప్పేయకుండా చూసుకోవడం చాలా చోట్ల ఉన్న నియమమే.

టిల్ట్ లాక్ ఎందుకు సరిపోదు

అందరూ పొరపడే చోటు ఇది. దాదాపు ప్రతి మోటారుకూ బ్రాకెట్ పక్కన చిన్న మీటో గుబ్బో ఉంటుంది. మోటారును పూర్తిగా ఎత్తి, ఆ మీట తిప్పి, కొద్దిగా దించితే మోటారు దాని మీద కూర్చుంటుంది. చేతితో ఊపితే కదలదు. ఇంకేం కావాలని అనిపిస్తుంది. పక్కకు వంగి దగ్గరగా చూస్తే తెలుస్తుంది, మోటారు బరువంతా ఆగింది చిటికెన వేలంత కడ్డీ కొస మీద. ఆ కొసను ఆ స్థానంలో ఉంచేది మోటారు బరువే. గట్టి కుదుపులో మోటారు ఒక్క అంగుళం పైకి ఎగిరితే బరువు తొలగిపోతుంది, మీట జారవచ్చు, ఆ తర్వాత మోటారు పడుతుంది.

రేవులో కట్టేసిన పడవకు, ఒడ్డుకు లాగిన పడవకు ఆ మీట సరిపోతుంది. లాక్కెళ్లే పడవకు దాన్ని వాడవద్దని యమహా, మెర్క్యురీ పుస్తకాలు స్పష్టంగా హెచ్చరిస్తాయి. నిలువుగా ఉంచలేకపోతే వేరే ఆధారం పెట్టమని చెబుతాయి. హైడ్రాలిక్స్ మీద వదిలేయడం కూడా ఇంచుమించు అలాంటిదే. నీళ్లలో మొద్దుకు తగిలినప్పుడు మోటారు ఎగిరి తప్పుకునేలా సిలిండరులో వాల్వులు ఉంటాయి. రోడ్డు కుదుపులకు ఆ వాల్వులు, సీళ్లు పదేపదే పనిచేయాల్సి వస్తుంది. సీలు పాతదైతే మోటారు దారి పొడవునా కొద్దికొద్దిగా దిగుతుంటుంది, వెనక ఏం జరుగుతుందో డ్రైవరుకు తెలియదు.

కడ్డీ, దిమ్మ

ఎక్కువమంది వాడేది కడ్డీ. ఒక కొస ట్రెయిలర్ వెనక అడ్డకమ్మికి, అక్కడి రోలరుకు గానీ ప్రత్యేకంగా బిగించిన బ్రాకెట్‌కు గానీ తగులుతుంది. రెండో కొసన రబ్బరు తొడిగిన వీ ఆకారపు పంగ ఉంటుంది. మోటారు కాలిలో గేర్‌బాక్సు పైభాగం ఆ పంగలో కూర్చుంటుంది. బరువులో కొంత పలకకు బదులు ట్రెయిలర్ చట్రం మోస్తుంది. కాలు ఊగడం ఆగుతుంది. పంగకు ఉన్న రబ్బరు పట్టీని కాలి చుట్టూ తిప్పి బిగిస్తే పక్కలకు తిరగడమూ తగ్గుతుంది. కొన్ని కడ్డీల్లో లోపల స్ప్రింగు ఉంటుంది.

తగిలించే క్రమం ముఖ్యం. మోటారును ముందు కావాల్సిన దానికంటే పైకి ఎత్తాలి, కడ్డీని కొలతకు సర్ది పిన్ను పెట్టాలి, కాలి కింద పంగను నిలబెట్టాలి, ఆ తర్వాత మోటారును మెల్లగా దించుతూ పంగ మీద గట్టిగా ఆనగానే స్విచ్ వదిలేయాలి. అక్కడితో ఆపకుండా ఇంకా నొక్కితే హైడ్రాలిక్స్ బలానికి కడ్డీ వంగుతుంది, లేదా పడవ అమరమే ట్రెయిలర్ మీద అది కూర్చునే పట్టెల మీంచి లేస్తుంది. వదులుగా వదిలేస్తే మొదటి గుంతలోనే పంగ జారి కడ్డీ రోడ్డు మీద పడుతుంది. పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి చూడడం అనుభవజ్ఞుల అలవాటు. పట్టీలు సర్దుకునేది ఆ దూరంలోనే.

దిమ్మ పద్ధతి వేరు. టిల్ట్ సిలిండరు బయటికి వచ్చినప్పుడు కనిపించే మెరిసే కమ్మి మీద గట్టి ప్లాస్టిక్ తొడుగును తగిలించి, మోటారును దాని మీదికి దించుతారు. లేదా మోటారుకూ దాని బ్రాకెట్‌కూ మధ్య సందులో రబ్బరు దిమ్మ పెడతారు. వెనకటి తరం అదే చోట మద్ది కర్ర వంటి గట్టి చెక్క ముక్క పెట్టి తాడుతో కట్టేది. దీంతో నూనె మీది భారం పోతుంది, ఊపు ఆగుతుంది. అయితే బరువంతా పలక మీదే మిగులుతుంది. ట్రెయిలర్‌కు ఏమీ బదిలీ కాదు.

ఈ రెండింటి మధ్య వాదన ఎడతెగదు. దిమ్మ పక్షంవారి మాటలో బలం ఉంది. పడవ పట్టెల మీద కదులుతుంది, ట్రెయిలర్ చట్రం మెలికపడుతుంది. కడ్డీ ఆ రెండింటినీ మోటారు కాలి ద్వారా కలుపుతుంది కాబట్టి చట్రం తిన్న దెబ్బ నేరుగా మోటారుకు అందుతుంది. దిమ్మ పెడితే మోటారూ పడవా ఒక్కటిగా కదులుతాయి. పాత పలక, బరువైన మోటారు, దూరపు దారి ఉన్నప్పుడు నేను కడ్డీ వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద: అమరాన్ని ట్రెయిలర్‌కు బిగించి కట్టాలి. ఆ కట్టు లేని కడ్డీ మేలు కంటే చెరుపే ఎక్కువ చేస్తుంది.

అమరాన్ని కట్టడం

పడవ ముందు భాగాన్ని గిలక పట్టీతో, గొలుసుతో ట్రెయిలర్‌కు కట్టడం ఎవరూ మరచిపోరు. వెనక భాగమే నిర్లక్ష్యానికి గురవుతుంది. పలక రెండు మూలల్లోని కొక్కేలకు రెండు రాట్చెట్ పట్టీలు తగిలించి ట్రెయిలర్ చట్రానికి లాగి బిగిస్తే పడవ ఎగరడం, మోటారు ఊగడం రెండూ ఒకే దెబ్బకు తగ్గుతాయి. పట్టీలు పొట్టివిగా, వీలైనంత నిటారుగా ఉండాలి.

పడవ కూర్చునే పట్టెలు కచ్చితంగా పలక అంచు దాకా రావాలి. నాలుగంగుళాలు ముందే ఆగిపోతే మోటారు బరువు గాలిలో వేలాడుతుంది, ఏళ్లు గడిచేసరికి పడవ అడుగు ఆ చోట కిందికి వంగిపోతుంది. అలాంటి పడవ నీళ్లలో ముక్కు దించి పరుగెడుతుంది. కారణం మోటారులో వెతుకుతారు.

కొక్కెం మీద పడే బరువు సంగతి కూడా ఇక్కడిదే. పడవ ట్రెయిలర్ మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం కారు కొక్కెం మీద ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మోటారు చిట్టచివర ఉండడం వల్ల ఆ శాతం తగ్గుతుంది, తగ్గితే వేగంలో ట్రెయిలర్ పాములా ఊగుతుంది. మోటారు మార్చినప్పుడు ఇది తిరిగి చూసుకోవాలి.

మోటారు పక్కలకు తిరగకుండా స్టీరింగును నేరుగా ఉంచి ఆపాలి. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్నవాటికి సిలిండరు మీద తగిలించే క్లిప్పులు వస్తాయి. గాలికి ప్రొపెల్లరు ఊరికే తిరగకుండా గేరులో పెట్టమని మెర్క్యురీ వంటి సంస్థలు చెబుతాయి. చేపలు పట్టేవాళ్లు పెద్ద మోటారు పక్కన బిగించుకునే చిన్న మోటారు బ్రాకెట్లు స్ప్రింగుల మీద ఆడేవి, రోడ్డుకు పనికొచ్చేవి కావు. చిన్న మోటారును విప్పి కారులో పెట్టుకోవడం ఉత్తమం.

విప్పి తీసుకెళ్లే మోటార్లు

చేతితో ఎత్తగలిగినంత మోటారుకు ట్రాన్సమ్ మీద ప్రయాణం అనవసరం. విప్పినప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ముందు నిలువుగా పట్టుకుని లోపలి నీళ్లన్నీ కారనివ్వాలి. ఆ తర్వాత కూడా తల ఎప్పుడూ గేర్‌బాక్సు కంటే పైనే ఉండాలి, లేకపోతే మిగిలిన నీరు పొగగొట్టం దారిన సిలిండర్లలోకి చేరుతుంది. ఫోర్‌స్ట్రోక్ మోటారును ఏ పక్కకు పడుకోబెట్టాలో దాని పుస్తకంలోనూ, చాలాసార్లు మూత మీద గుర్తులోనూ ఉంటుంది. రెండో పక్కకు పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లలోకి పోతుంది. ట్యాంకు గాలి మరను మూయకుండా కారులో పెట్టడం ప్రమాదకరం.

వరద సహాయ బృందాల పని ఇలాంటిదే. రబ్బరు పడవ మడతపెట్టి ఉంటుంది, ఓబీఎం వేరుగా లారీలో వెళుతుంది. ఆ మోటారును చట్రంలో నిలబెట్టి బిగించి తీసుకెళితే దిగగానే తాడు లాగి నడపవచ్చు. ఎలా పడితే అలా పడేసి తీసుకెళితే, మోటారు అత్యవసరమైన గంటలోనే స్టార్టు కాదు.

గరుకు దారులు, ఇసుక తీరాలు

అమెరికాలో చాలా భాగం ట్రెయిలర్ పడవలు నున్నని రోడ్ల మీదే తిరుగుతాయి. టెక్సస్ జలాశయాల చుట్టూ స్థిరపడిన తెలుగువారు పడవ కొనుక్కుంటే ఎదురయ్యేది కూడా ఆ దారే. అసలు పరీక్ష ఆస్ట్రేలియా ఉత్తరాన ఉంది. కేప్ యార్క్ ద్వీపకల్పంలో బారమండి చేప కోసం చిన్న అల్యూమినియం పడవలను మట్టి రోడ్ల మీద వందల కిలోమీటర్లు లాక్కెళ్తారు. ఆ రోడ్ల మీద రేకు గీతల్లాంటి అడ్డ మడతలు పడి ఉంటాయి. చిన్న అదురు గంటల తరబడి ఆగదు. అక్కడ పలక మూలల్లో వెల్డింగు చిట్లడం తెలిసిన సమస్య. టైర్లలో గాలి తగ్గించి, నెమ్మదిగా పోవడం, వీలైతే మోటారును విప్పి కారులో పెట్టుకోవడం అక్కడివారి పద్ధతి.

మన తీరంలో ఫైబర్ పడవను రోడ్డు మీద లాగే అవసరం తక్కువ. ఇసుక మీదికి మనుషులో, ట్రాక్టరో లాగుతారు. ఆ కొద్ది దూరంలోనూ మోటారు టిల్ట్ మీట మీదే వేలాడితే జరిగేది ఒకటే: పడవ అడుగు ఇసుక దిబ్బ దాటి ఒక్కసారిగా దిగినప్పుడు మీట మీద దెబ్బ పడుతుంది. 9.9 హార్స్‌పవర్ మోటారును ఇద్దరు మోసుకెళ్లడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే.

పలకను పరీక్షించడం

చాలా ఫైబర్ పడవల పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల దగ్గర సీలు పోతే నీరు లోపలికి దిగి చెక్క మెత్తబడుతుంది. పైన ఫైబర్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తి పిడితో పలకంతా తట్టుకుంటూ పోతే గట్టి చోట టకటకమని, చెడిన చోట డొల్లగా శబ్దం వస్తుంది. మోటారును సగం ఎత్తి, కాలి మీద చేత్తో బరువు వేసి కిందికి నొక్కుతూ పలక పై అంచును చూడాలి. కంటికి కనిపించేంత కదలిక ఉంటే అది ప్రమాదమే. మోటారు కింది తొట్టి మూలల్లో సన్నని బీటలు, బోల్టు తలల చుట్టూ గోధుమరంగు చారలు, వాషర్లు లోపలికి కుంగడం కూడా అదే కథ చెబుతాయి. అల్యూమినియం పడవల్లో రివెట్లు వదులవడం, వెల్డింగు పక్కన నల్లటి గీత చూడాలి. మెత్తబడిన పలకకు ముందు చెక్క మార్పించాలి, మోటారును సరైన కొలత బోల్టులతో, కొత్త సీలుతో తిరిగి బిగించాలి. కడ్డీ కొనే ఆలోచన ఆ తర్వాతే.